కట్ట తెగినాక

"మేడమ్, కట్ట తెగినాక ఏమైతాది?"

అడిగింది మూడో బెంచీలో కూర్చునే పిల్ల. నేను చిలమత్తూరు దగ్గర ఒక బడిలో తెలుగు చెప్తాను. ఆ రోజు జాతీయాలు చెప్తున్నాను. "కట్టలు తెంచుకోవడం" అని బోర్డు మీద రాసి పక్కనే అర్థం రాశాను: లోపల అణచుకున్న దుఃఖమో, కోపమో, సంతోషమో ఒక్కసారిగా బయటపడటం. ఏళ్ళ తరబడి ఇదే రాస్తున్నాను. పిల్లలు దించుకుంటారు. పరీక్షలో "అమ్మను చూడగానే దుఃఖం కట్టలు తెంచుకుంది" అని అందరూ ఒకే వాక్యం రాసి మార్కులు తెచ్చుకుంటారు. ఆ తర్వాత సంగతి ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

"ఏమవుతుంది, నీళ్ళు పోతాయి. కూర్చో," అన్నాను.

నా నోరంటే బడిలో పిల్లలకే కాదు, తోటి టీచర్లకూ హడలే. ఆ పిల్ల కూర్చుంది గానీ నా ముఖంలోకే చూస్తూ ఉండిపోయింది. గంట కొట్టారు. పిల్లలు బిలబిలా వెళ్ళిపోయారు. నేను డస్టరు పట్టుకుని ఆ రెండు మాటల ముందు నిలబడ్డాను, చెరపడానికి చెయ్యి రాలేదు. పాపం, ఆ పిల్ల తప్పేముంది? అడగవలసిన మాటే అడిగింది. దానికి జవాబు నాకు తెలుసు కాబట్టే కసిరాను.

ఈ మాట పుట్టింది చెరువుల దగ్గర. నదిని నమ్ముకునే రాత లేని మా సీమలో, వాన నీళ్ళు ఏ పల్లంలోకి జారితే ఆ పల్లానికి అడ్డంగా మట్టి పోసి, రాయి పేర్చి కట్ట వేశారు పెద్దలు. కట్ట నీళ్ళను ఆపుతుంది. తూము పొలాలకు వదులుతుంది. ఇంకొకటుంది, మరవ. కట్టకు ఒక కొసన, కట్ట కంటే తక్కువ ఎత్తులో రాళ్ళతో కట్టిన దారి అది. చెరువు నిండాక మిగిలిన నీళ్ళు దాని మీదుగా దొర్లి వాగులోకి పోతాయి. మరవ పారినన్నాళ్ళూ కట్టకు భయం లేదు. పోయే దారి లేనప్పుడే నీళ్ళు కట్టను కోస్తాయి. గుండె చెరువైందన్నవాళ్ళూ, దుఃఖం పొంగిందన్నవాళ్ళూ, కట్టలు తెంచుకుందన్నవాళ్ళూ ఇదంతా కళ్ళారా చూసి అన్నారు. ఇప్పుడు క్రికెట్ గెలిస్తే "ఆనందం కట్టలు తెంచుకుంది" అని టీవీలో అరుస్తారు. వింటే నాకు ఒళ్ళు మండుతుంది. దూడ పలుపు తెంచుకుని గెంతినట్టు అనుకుంటారు కాబోలు. కట్ట తెగిన ఊరిని చూడనివాళ్ళు అదృష్టవంతులు.

మా ఊరు సోమందేపల్లె నుంచి లోపలికి వెళ్ళాలి. ఎర్ర నేల, శెనక్కాయ పొలాలు, అక్కడక్కడా మల్బరీ తోటలు, నీళ్ళు పడని బోర్లు. ఊరికి పడమర చెరువు ఉంది. ఉందని పేరే. నా చిన్నతనంలో ఒకసారి నిండింది. నాయన భుజాల మీద కూర్చుని చూసినట్టు లీలగా గుర్తు. ఆ తర్వాత దాంట్లో కంపచెట్లు మొలిచాయి, మేకలు తిరిగాయి, పిల్లలు క్రికెట్ ఆడారు, టిప్పర్లు వచ్చి మట్టి తోలుకుపోయాయి. మా తమ్ముడికైతే అది చెరువని చెప్తే తప్ప తెలియదు. వాడికి అది ఆట స్థలం. ఫోర్ కొట్టిన బంతిని కట్ట ఎక్కి వెతుక్కోవడమే వాడికి కట్టతో ఉన్న సంబంధం.

వాడు నా కంటే బాగా చిన్నవాడు. నేను ఎత్తుకుని పెంచిన బిడ్డ. నా నోటికి జడవని మనిషి ఇంట్లో వాడొక్కడే. "అక్క మొదలుపెట్టిందిరా నాయనా, గొడుగు తీసుకోండి" అని ఎకసెక్కాలాడేవాడు. హైవే పక్కన ఒక కంపెనీలో పనికి కుదిరాడు. పెళ్ళైంది. మరదలికి ఒక కాన్పు నిలవలేదు. రెండోసారి నెల తప్పినప్పుడు వాడి సంతోషం చూడాలి, బొరుగుల మూట భుజాన వేసుకుని ఊరంతా పంచాడు. స్వీట్లకు బదులు బొరుగులేమిట్రా అంటే, "నా బిడ్డకు బొరుగులే ఇష్టం, నాకు తెలుసు" అన్నాడు.

శివరాత్రి వెళ్ళాక, ఒక పొద్దున, షిఫ్టు దిగి బండి మీద వస్తూ లారీ కింద పడ్డాడు.

నేను చిలమత్తూరు నుంచి ఆటోలు మారి ఎలా చేరానో తెలియదు. ఇంటి ముందు జనం. లోపల మరదలు సొమ్మసిల్లి ఉంది. అంతకుముందే హిందూపురం డాక్టరమ్మ చెప్పిందట, ఈసారి బీపీ ఎక్కువగా ఉంది, మనసుకు ఏ కష్టం తగలకూడదు, తగిలితే తల్లీబిడ్డా ఇద్దరూ దక్కరని. మనసుకు కష్టం తగలకూడదట! తాళి కట్టినవాడు వరండాలో తెల్లగుడ్డ కింద ఉన్నాడు.

మా వైపు చావు ఇంటికి వచ్చే ఆడవాళ్ళు వీధి మలుపు దగ్గరే గొంతెత్తుతారు. రాగం తీసి, పోయినవాడి మంచి అంతా ఒకటొకటిగా చెప్పుకుంటూ వస్తారు. గడప దాటి ఇంట్లో ఆడవాళ్ళ మెడ మీద చేతులేసి, తలకు తల ఆనించి ఏడుస్తారు. ఏడ్చేవాళ్ళు, ఏడిపించేవాళ్ళు ఇద్దరూ వాళ్ళే. అలా ఏడిపించకపోతే చావు ఇంటికి వచ్చినట్టే కాదు. ఆ పద్ధతిలో మా మేనత్తకు మించినవాళ్ళు లేరు. నాయన అక్క. ఆమె నోరు విప్పిందంటే రాళ్ళు కూడా కరగవలసిందే. ఆ రోజు వీధి మలుపులో ఆమె గొంతు వినపడగానే అమ్మ లేచింది.

లేచి వెళ్ళి గడపకు అడ్డంగా నిలబడింది. కొంగు నడుముకు దోపింది. కళ్ళు పొడిగా ఉన్నాయి.

"వదినా, ఏడ్చేదుంటే ఆడనే ఏడ్చి రా. ఈ ఇంట్లో ఏడుపు లేదు."

"ఏం మాటే అది? కొడుకు సచ్చిపోయినాడే నీకు!" అంది అత్త.

"నాకు తెలుసు యెవురు సచ్చిపోయినారో. లోపల కడుపుతో ఉండాది బిడ్డ. వాడిది ఆ కడుపులో ఉండాదొక్కటే. దాని చెవిన ఏడుపు పడకూడదు. గమ్మునొచ్చి కూర్చుంటానంటే రా, లేదంటే పోయిరా."

 వెనక వచ్చిన ఆడవాళ్ళనూ అమ్మ అదే మాట చెప్పి ఆపింది. కొందరు కొంగు నోట్లో కుక్కుకుని వచ్చారు. కొందరు అవమానపడి వీధిలోంచే తిరిగిపోయారు. నేను గొంతు చించుకుని అరవాలనుకున్నాను, అమ్మ నా నోరు చేత్తో మూసింది.   మా తమ్ముణ్ణి కట్ట కింద ఉన్న మా పొలంలో పూడ్చి వచ్చాము. ఒక్క శోకం లేకుండా, మూగవాళ్ళ ఊరిలా.

ఆ తర్వాత మరదలి కాన్పు అయ్యేదాకా ఇంట్లో ఏడుపు లేదు. నాయన పొలం గట్టు మీద కూర్చుని ఏడ్చి వచ్చేవాడు. నేను బస్సులో ఏడ్చేదాన్ని. మరదలు రాత్రిళ్ళు దిండులో ఏడ్చేది, అది వేరే సంగతి, అమ్మకు తెలిసినా తెలియనట్టు ఉండేది. అమ్మ మాత్రం వేళకు సంగటి కెలికేది, మరదలికి తినిపించేది, తల దువ్వేది, "బిడ్డ తన్నిందా?" అని అడిగేది. గుండె రాయి చేసుకుంది అనేవాళ్ళు ఊళ్ళో. అదంతా సులువైన మాట. ఆ రాయిని ఎవరెత్తుకుని తిరుగుతున్నారో నేను చూశాను.

శ్రావణంలో ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డా క్షేమం. అత్త వచ్చింది, పాపను ఒళ్ళోకి తీసుకుని ముఖమంతా తడిమి, "మా వాడి ముక్కే" అంది. తర్వాత అమ్మ వైపు తిరిగింది.

"ఇంగ ఏడువే. నీ పని అయిపోయె. ఇంగెవరు వద్దంటారు నిన్ను?"

అమ్మ తల ఊపింది. ఏడుద్దామనే అనుకుంది, నేను చూశాను. కొంగు తీసి ముఖానికి అడ్డం పెట్టుకుంది. చాలాసేపు అలాగే ఉంది. కొంగు తీసేసరికి అది పొడిగానే ఉంది.

"రాలేదు వదినా," అంది.

ఆ మాట అన్న తీరు నాకు ఇప్పటికీ గుర్తే. బోరు వేయించిన రైతు అన్నట్టు అంది.

ఆ తర్వాత మొదలైంది అసలు నరకం. అమ్మ తిండి తగ్గింది. మాట తగ్గింది. పిలిస్తే ఎక్కడి నుంచో తిరిగి వచ్చినట్టు చూసేది. హిందూపురంలో చూపిస్తే నిద్రకు మాత్రలు ఇచ్చారు, వేసుకుని కళ్ళు తెరుచుకునే పడుకునేది. ఏడుపు లోపలే ఉండిపోతే మనిషిని తినేస్తుంది, ఈమె ఏడవకపోతే దక్కదు అని అత్త తేల్చి చెప్పింది. నాకూ ఆ భయమే పట్టుకుంది. తమ్ముడు పోయిన ఏడాదే అమ్మ కూడా పోతుందేమోనని ఫోన్ మోగితే ఉలిక్కిపడేదాన్ని.

అందరం కలిసి ఆమెను ఏడిపించడానికి పూనుకున్నాము. అత్త వాడి అంగీ తెచ్చి అమ్మ ఒళ్ళో పరిచి శోకం ఎత్తుకుంది. అమ్మ అంగీ ఎత్తి దులిపి, "మడిచి పెట్టు, మాసిపోతాది" అంది. నేను లేపాక్షికి తీసుకెళ్ళాను. వీరభద్రుడి ముందైనా కరుగుతుందేమోనని ఆశ. దండం పెట్టుకుంది, తీర్థం పుచ్చుకుంది, బయట నంది దగ్గర నీడ చూసుకుని కూర్చుంది. కొండంత నందిని కాసేపు చూసి, "ఇంత పెద్ద కండ్లు, ఒక్క సుక్క లేదు సూడు" అంది. తిరిగి వస్తూ పాపకు గిలక్కాయ కొంది. నాకు ఏడుపాగలేదు, ఆమె నా వీపు నిమిరింది. ఎవరిని ఏడిపించడానికి పోయాము, ఎవరు ఏడ్చారు!

ఒక్కచోట మాత్రం అమ్మ మాట్లాడేది. రోజూ పొద్దున చెంబుతో నీళ్ళు, చీపురు తీసుకుని పొలానికి వెళ్ళేది. తమ్ముణ్ణి పూడ్చిన గుట్టను వాకిలి ఊడ్చినట్టు ఊడ్చేది, నీళ్ళు చల్లేది, తలవైపు ఒక గుండ్రటి రాయి పెట్టింది, దాని పక్కన గుప్పెడు బొరుగులు పోసేది. పిచ్చుకలు వచ్చి తినేవి. ఒకరోజు నేను కట్ట మీదుగా నడిచి వస్తూ విన్నాను.

"నీ కూతురు నిన్న నన్ను సూసి నవ్విందిరా. మీ నాయన సూడలేదు, మేకలకాడ ఉండె. నీ పెండ్లానికి మెంతులు పెడతాండా, తినదు, సేదంటాది. నువ్వు చెప్తే తింటాది గదా…"

బెంగుళూరులో ఉన్న కొడుకుతో ఫోన్లో మాట్లాడుతున్నట్టే ఉంది. గొంతులో జీర లేదు. నేను కట్ట మీదే ఆగిపోయాను. ఈమెకు మతి తప్పుతోందనుకున్నాను. నేను విన్నట్టు ఆమెకు చెప్పలేదు.

దసరా దాటాక వాన పట్టుకుంది. మా నేల ఎరగని వాన. ముసురు వదలకుండా పట్టింది, పైనున్న వంకలన్నీ కదిలాయి. ఎర్రనీళ్ళు చెరువులోకి దిగుతుంటే ఊరు ఊరంతా కట్ట మీదే నిలబడింది. కంపచెట్లు నడుము లోతు మునిగాయి, తర్వాత తలలు మునిగాయి. ముసలివాళ్ళు నీళ్ళు తీసి తల మీద చల్లుకున్నారు. నాయన రోజుకు ఎన్నిసార్లు కట్టకు వెళ్ళేవాడో లెక్కలేదు. కొడుకు పోయాక ఆయన ముఖంలో నవ్వు చూడటం అదే మొదలు. 

మాది చావు జరిగిన ఇల్లు కాబట్టి ఏడాది తిరిగేదాకా శుభానికి వెళ్ళకూడదు. చెరువు మరవ పారిన రోజున ఊరి ఆడవాళ్ళు గంగమ్మకు చీర, రవిక, పసుపు కుంకుమ తీసుకెళ్ళి నీళ్ళలో వదులుతారు, పుట్టింటికి వచ్చిన ఆడబిడ్డకు పెట్టినట్టు. అందరూ చీర కొన్నారు, పొట్టేలును చూసి పెట్టారు. అమ్మ పాపను ఎత్తుకుని గడపలోనే కూర్చుంది. "నీళ్ళు యాడిదాకా వచ్చినాయి?" అని దారిన పోయేవాళ్ళను అడిగేది. బిడ్డ పుట్టాక ఆమె తనంతట తాను అడిగిన మొదటి మాట అది.

మరవ ఇక పారుతుందనగా మగవాళ్ళంతా చావడి దగ్గర చేరారు. మరవ మీదుగా పోయిన నీళ్ళు వాగులో పడి కిందూరికి పోతాయి. ఒక తరం కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూసిన నీళ్ళు అవి! తాకట్టు పెట్టని ఇల్లు లేదు, బోరు వేసి నెత్తిన గుడ్డ వేసుకోని రైతు లేడు. అలాంటివాళ్ళు చేతికందిన నీళ్ళను కిందూరికి దొర్లిపోనిస్తారా? మరవ మీద ఇసుక మూటలు పేర్చి ఇంకొంత నీళ్ళు ఆపుదామన్నారు. రెండు పంటలు గట్టెక్కుతాయన్నారు. నీళ్ళు ఎరిగిన ఊరివాళ్ళెవరూ ఆ పని చెయ్యరు. కరువులో పుట్టి కరువులో పెరిగినవాళ్ళం మేమే చేస్తాము. మొదటి మూట భుజాన వేసుకున్నది మా నాయన.

ఆయన చేతులు కడుక్కోవడానికి ఇంటికి వచ్చినప్పుడు అమ్మ అడిగింది.

"మరవ మూస్తాండారంట?"

"ఊ."

"మూయద్దప్పా. వాడు కట్టకిందనే ఉండాడు."

నాయన చెంబు కింద పెట్టాడు. ఆమె ముఖంలోకి చూడలేదు. "అంత ఎత్తు కట్ట మే. మా తాత కాలం నుంచి కదల్లేదు. ఏమీ కాదు, గమ్మునుండు."

"కట్టకేమన్నా అయితే…"

"ఏమీ కాదంటి గదా!"

అమ్మ పాపను ఇంకొంచెం దగ్గరికి తీసుకుంది.

మరుసటి రోజు మధ్యాహ్నం. ఎగువన ఎక్కడో మళ్ళీ వాన పడింది. ఇసుక మూటల వరకూ నీళ్ళు వచ్చి ఆగాయి. కట్ట మధ్యలో కంపచెట్ల వేళ్ళు దిగినచోట మొదట ఒక చెమ్మ. తర్వాత బొటనవేలంత ధార. చూసినవాడు కేక వేశాడు. మగవాళ్ళు మరవ మీదికి పరిగెత్తి మూటలు లాగారు, అప్పటికే తడిసి ఒక్కొక్కటీ కదలనంత బరువయ్యాయి. కింద పొలాల్లో ఉన్నవాళ్ళను, గొడ్లను పైకి తోలారు. అది జరిగింది కాబట్టి ఏ ప్రాణమూ పోలేదు. కట్ట ఒరిగింది, నోరు తెరిచింది. ఆ చప్పుడు వేరు. ఉరుమూ కాదు, ఏదీ కాదు. పొద్దు వాలేలోపల చెరువులో బురద, ఎగిరెగిరి పడే చేపలు మిగిలాయి. గంగమ్మకు కొన్న చీరలు ఇళ్ళల్లో అలాగే ఉన్నాయి.

మర్నాడు పొద్దున నీళ్ళు తగ్గాక అమ్మ పొలానికి బయలుదేరింది. వద్దంటే వినలేదు. చెంబు లేదు, చీపురు లేదు. నేను వెనకే వెళ్ళాను. మోకాటి లోతు బురద. మా పొలం అనుకున్నచోట పొలం లేదు. గండి లోంచి దూకిన నీళ్ళు నేలను నిలువునా కోసి, ఇంకోచోట ఇసుక మేట వేసి పోయాయి. గట్టు లేదు, గుట్ట లేదు, గుండ్రటి రాయి లేదు.

అమ్మ మేట మీద అటూ ఇటూ నడిచింది. ఒకచోట కూర్చుని చేతులతో ఇసుక తోడింది. "ఈడ కాదు" అంది. లేచి ఇంకోచోట తోడింది. "ఈడ కాదు. చింతమాను ఆడుంటే… ఈడకొస్తాది గదా…" చింతమానూ లేదు. నాయన పార పట్టుకుని వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. అమ్మ తల ఎత్తి ఆయన్ను అడిగింది.

"వాడు యాడప్పా?"

నాయన పార వదిలేసి బురదలోనే కూలబడి రెండు చేతులతో తల కొట్టుకున్నాడు.

అప్పుడు వచ్చింది. మొదట ఊపిరి ఎక్కడో చిక్కుకున్నట్టు ఒక శబ్దం. ఆ తర్వాత అరుపు. దానికి రాగం లేదు, మాట లేదు. నేను అలాంటి ఏడుపు అంతకుముందు వినలేదు, మళ్ళీ వినకూడదని దేవుణ్ణి వేడుకుంటాను. పట్టుకోబోయాను. అప్పటికి వచ్చి చేరిన అత్త నా చెయ్యి లాగింది.

"వదలమ్మీ, ఏడ్వనీ. ఎన్నాళ్ళకు కట్ట తెగె దానికి! ఎవురూ పట్టుకోవద్దండి."

ఊరి ఆడవాళ్ళు ఒక్కొక్కరే దిగి వచ్చారు. ఆ రోజు గడప దగ్గర అమ్మ ఆపేసినవాళ్ళే అందరూ. అప్పుడు మింగిన శోకం అలాగే దాచుకున్నారేమో, బురదలో ఆమె చుట్టూ కూర్చుని, మెడ మీద చేతులేసి, తలకు తల ఆనించి, మా తమ్ముడి మంచి అంతా ఒకటొకటిగా చెప్పి ఏడ్చారు. క్రికెట్టు, బొరుగులు, వాడి నవ్వు, అన్నీ చెప్పారు. పంట పోయింది, చెరువు పోయింది, ఎవరూ వాటి ఊసెత్తలేదు. నేనూ ఏడ్చాను. ఏడుస్తూనే లోపల దండం పెట్టుకున్నాను. అమ్మ దక్కిందనుకున్నాను.

నిజంగానే తేరుకున్నట్టు కనిపించింది. కొన్నాళ్ళు ఏడుస్తూనే ఉంది, తర్వాత ఆగింది. నిద్రపోయింది. సంగటి అడిగి వేయించుకుంది. గుండె బరువు దిగిందని ఊరంతా అనుకుంది. అత్త తన మాటే నెగ్గిందని మురిసిపోయింది. నాయన మాత్రం ఎవరితోనూ కలవలేదు, కట్టవైపు తిరిగి చూడలేదు. నేను చిలమత్తూరుకు తిరిగి వచ్చాను, బడి, పరీక్షలు, బోర్డు మీద అవే అర్థాలు.

చలికాలం ముదిరాక ఒక ఆదివారం ఊరికి వెళ్ళాను. బస్సు దిగి వస్తుంటే చెరువు కనిపించింది. పగుళ్ళు బారిన బురద, మధ్యలో పచ్చగా కంప పిలకలు. గండి అలాగే ఉంది. నిండకముందు చెరువులో పిల్లలైనా ఆడేవాళ్ళు, ఇప్పుడు ఆ పగుళ్ళలో అడుగు పెట్టేవాళ్ళు లేరు.

అమ్మ ఇంటి వెనక పీట మీద కూర్చుని, కాళ్ళు చాపి, కాళ్ళ మీద పాపను బోర్లా వేసుకుని నీళ్ళు పోస్తోంది. మనిషి కొంచెం ఒళ్ళు చేసింది. నేను సంతోషపడ్డాను. పక్కనే కూర్చుని, "పొలానికి పోయొచ్చినావామ్మా?" అన్నాను.

"యాల?" అంది. "ఆడ ఎవురుండారని?"

 అమ్మ పాపను వెల్లకిలా తిప్పింది, నుదుటి మీద చెయ్యి అడ్డం పెట్టి తల మీద నీళ్ళు పోసింది. ఎంత అడ్డం పెట్టినా కంట్లో పడ్డాయి. పాప గుక్కపట్టింది. అమ్మ ముఖం పాలిపోయింది. చెంబు వదిలేసి పాపను గుండెకు హత్తుకుని, "ఏడవొద్దు తల్లీ, ఏడవొద్దు, ఏడవొద్దు" అంటోంది. ఆ మాటల్లో ముద్దు లేదు. అంతా భయమే.

"ఏడవనీమ్మా, పసిబిడ్డ. ఏడిస్తే ఏమైతాది?" అన్నాను.

"ఏడిస్తే పోతారమ్మీ."

పాప వెక్కిళ్ళు సర్దుకునేదాకా వీపు నిమురుతూనే ఉంది. తర్వాత నా వైపు చూడకుండా, మామూలు గొంతుతో చెప్పింది.

"ఏడ్చేదాకా ఈడనే ఉండెనమ్మీ వాడు. దినామూ పొయ్యి మాట్లాడతాంటి. నేనొకటంటే వాడొకటనె. నాకు ఇనపడతాండె. మీరంతా ఏడువు ఏడువు అంటిరి. నేను ఏడిస్తే పోతాడని నాకు తెలుసు, అందుకే పట్టుకోనుంటిని." చేత్తో రొమ్ము మీద తట్టుకుంది. "ఆ దినం చెయ్యి జారె. ఏడ్చేస్తి. ఇంగ పిలిచినా పలకడు. పోయినాడు."

ఊరిలో ఎవరికైనా ఎదురు చెప్పగల నోరు నాది. పడిపోయిన చెంబు ఎత్తి పీట పక్కన నిలబెట్టాను.

అమ్మ పాపను తువ్వాలులో చుట్టి నా చేతుల్లో పెట్టింది. "తల తుడు, జలుబు చేస్తాది," అని చెంబు తీసుకుని లోపలికి పోయింది.